మూడు మెట్లు అరిగిన గిటారు

నాకు పేకాట రాదు. చుట్ట కాల్చను. గుర్రప్పందాల సంగతి పేపర్లో చదవడమే గాని చూసి ఎరగను. పెళ్ళయిన కొత్తలో మా ఆవిడ ఇదంతా చూసి మురిసిపోయిందట. పాపం, నా వ్యసనమేమిటో ఆవిడకు అప్పటికి తెలియదు. ఎక్కడైనా పాత గిటారు కనబడిందా, ఇక నా కాళ్ళు ముందుకు సాగవు.

కొని తెచ్చి ఇల్లు నింపాననుకునేరు. అంత స్తోమతు లేదు. 1978లో, ఉద్యోగంలో చేరిన ఏడు, మద్రాసు వెళ్ళి కొన్న గిటారు ఒక్కటే ఇప్పటికీ నా ఆస్తి. కలకత్తా సరుకు. పేరు గివ్‌సన్. అమెరికాలో పుట్టిన జగత్ప్రసిద్ధమైన గిబ్సన్‌కూ దానికీ పేరులో ఒక్క అక్షరమే తేడా. ఆ ఒక్క అక్షరం నన్ను నలభై అయిదేళ్ళు వేపుకు తిన్నది. పుస్తకాల్లో గిబ్సన్ల బొమ్మలు చూసేవాణ్ణి. ఏది ఏ ఏట ఏ చెక్కతో చేశారో కంఠతా పట్టేవాణ్ణి. రాత్రి భోజనాలయ్యాక గదిలో తలుపు వేసుకుని, వచ్చిన పాటలు నాలుగూ నాకు నేనే వాయించుకునేవాణ్ణి. అదీ నా సంగీతం.

2023 మార్చిలో మేమిద్దరం హ్యూస్టన్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళాం. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలందరికీ చూపించినట్టే మాకూ అంతరిక్ష కేంద్రం చూపించారు, పేర్లండ్‌లో మీనాక్షమ్మ గుడి చూపించారు. "ఇంకా ఏం చూడాలని ఉంది మావయ్యగారూ?" అన్నాడు అల్లుడు.

"లఫాయెట్" అన్నాను.

అల్లుడు అమ్మాయి మొహం చూశాడు. అమ్మాయి వాళ్ళమ్మ మొహం చూసింది. ఆవిడకు మాత్రం సంగతి తెలుసు గనక నవ్వి ఊరుకుంది.

ఈ లఫాయెట్ పిచ్చి నాకు బిట్రగుంటలో పట్టుకున్నది. మా నాన్న రైల్వేలో గుమాస్తా. పక్క వరస క్వార్టర్సులో ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు ఉండేవాడు. మేమంతా డ్రైవరు దొర అనేవాళ్ళం. డ్యూటీ దిగి స్నానం చేసి, అరుగు మీద కుర్చీ వేసుకుని గిటారు తీసేవాడు. నాకు మొదటి మూడు పట్టులూ నేర్పినవాడు ఆయనే. ఆయనకు ప్రాణమైన పాట జంబలాయా. హాంక్ విలియమ్స్ 1952లో పాడి లోకమంతా తిప్పిన పాట. దాని వరస హాంక్ విలియమ్స్ సొంతం కాదనీ, లూజియానాలో కేజన్లనే జనం అంతకుముందే పాడుకుంటున్న గ్రాండ్ టెక్సాస్ అనే పాటదనీ నాకు చాలా ఏళ్ళ తర్వాతగాని తెలియలేదు.

శనివారం రాత్రి రైల్వే ఇన్‌స్టిట్యూటులో డాన్సు జరిగేది. చెక్క పరిచిన నేల. మేం పిల్లకాయలం కిటికీ చువ్వలు పట్టుకుని వేలాడేవాళ్ళం. ఒకసారి డ్రైవరు దొర నన్ను చూసి, "లోపలికి రారా అబ్బాయ్" అని చెయ్యి ఊపాడు. నేను చువ్వలు వదిలిపెట్టి ఒకటే పరుగు. లోపల ఆడవాళ్ళూ మగవాళ్ళూ చేతులు పట్టుకుని తిరుగుతున్నారాయె! మా నాన్నకు తెలిస్తే వీపు చీరేస్తాడు. గిటారు మాత్రం పట్టుకున్నాను గాని, ఆ గుమ్మం అప్పుడూ దాటలేదు, తర్వాతా దాటలేదు.

* * *

హ్యూస్టన్ నుంచి లఫాయెట్‌కు 10వ నంబరు అంతర్రాష్ట్ర రహదారి మీద తూర్పుగా మూడున్నర గంటల ప్రయాణం. శుక్రవారం పొద్దున బయలుదేరాం. సబైన్ నది దాటితే లూజియానా. లేక్ చార్లెస్ దాటిందాకా చెట్లూ నూనె శుద్ధి చేసే కర్మాగారాల గొట్టాలూ తప్ప చెప్పుకోతగిందేమీ లేదు. ఆ తర్వాత భూమి ఒక్కసారిగా పళ్ళెంలా చదునైపోయింది. రోడ్డుకు రెండు పక్కలా నీళ్ళు నిలబెట్టిన మడులు, మధ్య గట్లు, గట్ల మీద కొంగలు.

"ఏందండీ, అల్లూరు పోతున్నట్టుందే!" అన్నది మా ఆవిడ.

నిజమే, అవి వరిపొలాలే. ముందు వచ్చే క్రౌలీ ఊరు తన్ను తాను అమెరికా వరి రాజధాని అని చెప్పుకుంటుంది. ఆ నీళ్ళలో వరసగా ఎర్ర మూతలు తేలుతున్నాయి. అవి బుట్టల తలలని అల్లుడు చెప్పాడు. వరి కోసిన తర్వాత అదే మడికి మళ్ళీ నీళ్ళు కట్టి, క్రాఫిష్ అనే రొయ్య చుట్టాన్ని పెంచుతారు. చలికాలం నుంచి ఎండాకాలం మొదలుదాకా దాన్ని పట్టుకుని, తర్వాత అక్కడే వరి వేస్తారు. మంచినీటి ప్రాణి గనక నేల చెడదు. మా జిల్లాలో వరి మడులు తవ్వి ఉప్పునీటి రొయ్యల గుంటలు చేసుకున్న తర్వాత ఆ నేలల గతి ఏమయిందో తెలిసినవాణ్ణి గనక, ఆ మడుల్ని కాస్త అసూయగానే చూశాను.

మధ్యాహ్నం రోడ్డు పక్క హోటల్లో గంబో తెప్పించుకున్నాం. అన్నం మీద పోసే చిక్కటి పులుసు. అందులో బెండకాయ వేస్తారు. అసలు గంబో అంటేనే ఆఫ్రికా భాషల్లో బెండకాయ. బానిసలుగా వచ్చినవాళ్ళతో ఆ మాట వచ్చింది. కాఫీ నల్లగా, ఘాటుగా, చికోరీ కలిసి ఉన్నది. హ్యూస్టన్‌లో దిగిన నాటినుంచి మొహం ముడుచుకుని తాగుతున్న మా ఆవిడ ఆ రోజు రెండో కప్పు అడిగింది.

ఈ కేజన్లు ఎవరంటారా? పూర్వం కెనడాలో ఇప్పటి నోవాస్కోషియా ప్రాంతాన్ని అకాడీ అనేవారు. అక్కడ ఫ్రెంచి రైతులు సముద్రానికి అడ్డకట్టలు కట్టి నేల సంపాదించుకుని బతుకుతున్నారు. బ్రిటిషువాళ్ళు 1755లో, తమ రాజుకు షరతుల్లేని విధేయతా ప్రమాణం చేయలేదన్న సాకుతో, వాళ్ళను ఊళ్ళకు ఊళ్ళు ఓడల్లోకి ఎక్కించి చెల్లాచెదురు చేశారు. ఇళ్ళు తగలబెట్టారు. ఏళ్ళ తరబడి తిరిగి తిరిగి, కొంతమంది 1764 నుంచి లూజియానా చేరడం మొదలుపెట్టారు. 1785లో ఫ్రాన్సు నుంచి ఏడు ఓడల్లో మరో 1600 మంది దాకా వచ్చారు. అకాడియన్ అన్న మాటే నోళ్ళలో నలిగి కేజన్ అయింది.

వాళ్ళు ఎక్కువగా రైతులు, పశువులు కాచుకునేవాళ్ళు. శనివారం రాత్రి ఎవరో ఒకరి ఇంట్లో సామాను బయట పెట్టేసి డాన్సు. పసిపిల్లల్ని లోపలి గదిలో పడుకోబెట్టి తల్లులు హాల్లోకి వచ్చేవారు. "ఫే దోదో" అంటే ఫ్రెంచిలో "జోజో, బజ్జో" అని. ఆ మాటే చివరికి డాన్సుకు పేరయింది. జోలపాట పేరు పెట్టుకున్న డాన్సు ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు.

తర్వాత వాళ్ళ భాషకు కష్టకాలం వచ్చింది. 1921 రాష్ట్ర రాజ్యాంగం బడుల్లో ఇంగ్లీషు తప్ప మరో భాషలో చదువు చెప్పకూడదన్నది. బడి ఆవరణలో ఫ్రెంచి మాట్లాడిన పిల్లల చేత "ఇక మాట్లాడను" అని వందలసార్లు రాయించారు. ఆ పిల్లలు పెద్దవాళ్ళయి తమ పిల్లలతో ఫ్రెంచి మానేశారు. 1968లో ప్రభుత్వమే ఫ్రెంచిని బతికించడానికి ఒక సంస్థ పెట్టేనాటికి ఒక తరం గడిచిపోయింది. ఇదంతా కారులో చెబుతుంటే వెనక సీట్లో మా మనవరాలు "వాట్ ఈజ్ తాతా సేయింగ్?" అని వాళ్ళమ్మను అడుగుతున్నది. నేను ఇక ఆ విషయం పొడిగించలేదు.

* * *

లఫాయెట్‌లో పాత వాయిద్యాలు అమ్మే చిన్న దుకాణం ఒకటి ఉన్నదని ముందే కనుక్కుని పెట్టుకున్నాను. సాయంత్రం తీసుకెళ్ళమన్నాను. "ఊరికే చూసి వద్దాం" అన్నాను. ఆ మాట మా ఆవిడ ఎన్నిసార్లు వినలేదు!

గోడకు ఇరవై దాకా గిటార్లు వేలాడుతున్నాయి. కొత్తవాటి మధ్య ఒక మూల అది ఉన్నది. గిబ్సన్ ఎల్ 00. 1930ల నాటిది, మిషిగన్ రాష్ట్రంలో కలమజూ ఊళ్ళో చేసినది. చిన్న ఒళ్ళు, నల్లటి అంచుల నుంచి మధ్యకు వచ్చేసరికి తేనెరంగు. ముందు స్ప్రూసు చెక్క, వెనకా పక్కలా మహాగని. బొమ్మల్లో చూసి చూసి నా కళ్ళు కాయలు కాసిన గిటారు అది.

దుకాణం ఆసామి డెబ్భై ఏళ్ళవాడు, పొడుగు మనిషి. నా చూపు చూసే గ్రహించినట్టున్నాడు. దించి చేతికిచ్చాడు. ఎత్తితే బరువే లేదు. ఆ రోజుల్లో చెక్కలు పల్చగా చెక్కి, లోపల సన్నటి బద్దలు పెట్టి చేసేవారు. ఎనభై తొంభై ఏళ్ళు ఆరిన చెక్క. బొటనవేలితో ఒక్క తీగ కదిపాను. శబ్దం నా చేతిలోంచి కాదు, గదిలోంచి వచ్చినట్టున్నది. కొత్త గిటారును మాట్లాడించాలి. ఇది ముట్టుకుంటేనే మాట్లాడింది.

తెలిసినవాడిలా పరీక్ష మొదలుపెట్టాను. గిటారు తీగలు ఆరూ కలిసి సుమారు 70 కిలోల బరువుతో మెడను లాగుతూ ఉంటాయి. అన్నేళ్ళ లాగుడుకు మెడ ముందుకు వంగడం సహజం. దీనికి మెడ ఊడదీసి సరిచేశారు. పక్కన ఒక పగులు, చక్కగా అతికారు. మెట్లు చూశాను. వీణకు ఉన్నట్టే గిటారుకూ మెట్లుంటాయి గదా. విచిత్రమేమిటంటే మొదటి మూడు మెట్లూ గుంటలు పడి పోయాయి. నాలుగో మెట్టు పరవాలేదు. అయిదు దాటిన తర్వాత మెట్లు నిన్న వేసినట్టు మెరుస్తున్నాయి.

"చర్చ్ పాయింట్ దగ్గర ఒక రైతు కుటుంబంది" అన్నాడు ఆసామి. "ఇంకేమీ చెప్పలేదు వాళ్ళు."

నాకు కాస్త జాలి వేసింది. ఇంత గొప్ప వాయిద్యం చేతిలో ఉంచుకుని, పాపం, పైమెట్ల మీదికి వెళ్ళడం చేతగాలేదు కాబోలు అనుకున్నాను. నా గివ్‌సన్‌కు ఏడు నుంచి పన్నెండు దాకా అరిగిపోయి ఉంటాయి. పాటల వరసలన్నీ నేను అక్కడే వాయిస్తాను మరి.

ధర 4,200 డాలర్లు. మన లెక్కన మూడున్నర లక్షలకు దగ్గర. నెల్లూరులో మా మిద్దె రెండు వానాకాలాల నుంచి కారుతున్నది. దాని మరమ్మతుకు డిపాజిట్టులో ఉన్న సొమ్ము కూడా దాదాపు అంతే. పైగా ఇంకో చిక్కు ఆసామే చెప్పాడు. తీగల కింది పలకా, వంతెనా బ్రెజిలు రోజ్‌వుడ్ చెక్క. 1992 నుంచి అంతర్జాతీయ ఒప్పందం కింద ఆ చెక్కకు గట్టి రక్షణ ఉన్నది. పాతదని రుజువు చేసే కాగితాలు లేకుండా దేశం దాటించకూడదు. కాగితాలకు వారాలు పడతాయి. మా తిరుగు ప్రయాణం పదకొండు రోజుల్లో ఉన్నది.

"అమ్మాయి ఇంట్లో పెట్టి వెళ్ళి, కాగితాలు వచ్చాక తెప్పించుకోవచ్చుగా?" అన్నది మా ఆవిడ. "కొనుక్కోండి. మిద్దె ఇంకో వానకు ఆగుతుందిలే."

ఆవిడ వద్దంటే నాకు పంతం వచ్చేది. కొనుక్కోమన్నది గనక నోరు పెగల్లేదు. సోమవారం చెబుతానన్నాను. ఆసామి సోమవారం సాయంత్రం దాకా ఎవరికీ ఇవ్వనన్నాడు.

* * *

శనివారం పొద్దున యూనిస్ వెళ్ళాం. ఆ ఊరి తూర్పున, 190వ నంబరు రోడ్డు మీద, మార్క్ సవాయ్ అనే ఆయన 1966లో తెరిచిన వాయిద్యాల దుకాణం ఉన్నది. ఆయన అకార్డియన్లు తయారుచేస్తాడు. ఆయన భార్య ఆన్ సవాయ్ గిటారు వాయిస్తుంది, 1984లో కేజను సంగీతం మీద పెద్ద పుస్తకం రాసింది. శనివారం శనివారం అక్కడ ఎవరికి వాళ్ళు వాయిద్యాలు తెచ్చుకుని గుండ్రంగా కూచుని వాయిస్తారు. టిక్కెట్టు లేదు, వేదిక లేదు.

కేజను అకార్డియను మనం చూసే పెద్ద పెట్టె కాదు. చంకలో ఇమిడేంతది. పది మీటలు. ఒకే మీట తిత్తిని నొక్కితే ఒక స్వరం, లాగితే మరో స్వరం పలుకుతుంది. అందుకే ఆ సంగీతం ఊపిరి పీల్చి వదులుతున్నట్టు ఉంటుంది. పూర్వం జర్మనీ నుంచి వచ్చేవి. రెండో ప్రపంచయుద్ధంతో ఆ రాకడ తెగిపోతే లేక్ చార్లెస్‌లో సిడ్నీ బ్రౌన్ అనే ఆయన పాతవాటిని విప్పి చూసి తనే చేయడం మొదలుపెట్టాడు. అకార్డియనుకు తోడు ఫిడేళ్ళు, ఒక గిటారు, గడ్డి పోగుచేసే పళ్ళగొర్రు ఇనుముతో చేసిన త్రికోణపు తాళం. అంతే మేళం.

అక్కడ విన్న వాల్ట్జుల్లో ఒకటి అమెదే అర్ద్వాన్‌ది అన్నారు. ఆయన నల్ల క్రియోలు జాతివాడు. 1929లో డెనిస్ మెగీ అనే తెల్ల ఫిడేలు విద్వాంసుడితో కలిసి రికార్డులిచ్చాడు. తెల్లవాళ్ళ డాన్సుల్లోనూ వాయించేవాడు. ఒక తెల్లమ్మాయి ఇచ్చిన చేతిరుమాలుతో చెమట తుడుచుకున్నందుకు చావబాదారని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. 1942లో పైన్‌విల్లెలో పిచ్చాసుపత్రిలో పోయాడు. ఆయన పాటలు లేకుండా మాత్రం ఆ గుండ్రంలో ఎవరూ గంటసేపు వాయించలేరు.

నేను చూస్తున్న చూపులు చూసి ఒక ముసలాయన తన గిటారు నా చేతిలో పెట్టాడు. ఆయన కాఫీకి లేచాడు. వాల్ట్జు మొదలైంది. మూడు లెక్కల తాళం, మన తకిట. పట్టులు మూడే. బిట్రగుంట అరుగు మీద నేర్చుకున్నవే. ఇంతేనా అనిపించింది. కాసేపు బుద్ధిగా వాయించి, తర్వాత ఊరుకోలేక పైమెట్ల మీదికి ఎక్కాను. గమకాలు, వరసలు, నలభై అయిదేళ్ళు తలుపు వెనక దాచుకున్నదంతా బయట పెట్టాను.

బల్లల మధ్య ఖాళీలో ఒక ముసలి జంట డాన్సు చేస్తున్నారు. నేను పైకెక్కిన రెండో చుట్టులో ఆవిడ అడుగు తడబడింది. ఆయన ఆగాడు. ఇద్దరూ నా వైపు చూసి మర్యాదగా నవ్వి, పక్కకు వెళ్ళి నిలుచున్నారు. అకార్డియను ఆగలేదు. ఎవరూ నన్నేమీ అనలేదు. నాకు మాత్రం చెవుల దాకా మంట వచ్చింది.

ముసలాయన కాఫీ కప్పుతో వచ్చి పక్కన వంగాడు. "వేళ్ళు బాగా ఆడుతున్నాయి మీకు. కాని ఇక్కడ గిటారు నేల లాంటిది. నేల కదిలితే వాళ్ళు అడుగెక్కడ వేస్తారు?" అన్నాడు. గిటారు తీసుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. ధుం చక్ చక్, ధుం చక్ చక్. బొటనవేలితో మంద్రం ఒకటి, వెంట రెండు దెబ్బలు. ముసలి జంట మళ్ళీ మధ్యలోకి వచ్చారు. ఆయన ఎడమచెయ్యి చూస్తూ కూచున్నాను. సి అకార్డియనుకు సి, జి, ఎఫ్ పట్టులు చాలు. ఆ వేళ్ళు అరగంటసేపట్లో మూడో మెట్టు దాటలేదు.

నాకు చర్చ్ పాయింట్ రైతు గుర్తొచ్చాడు. నిన్న ఆయన మీద జాలి పడిన నా తెలివికి ఎవరు జాలిపడాలి? మొదటి మూడు మెట్లూ గుంటలు పడేదాకా వాయించాలంటే ఎన్ని శనివారాలు కావాలి!

గిటారు వాళ్ళ సంగీతంలో వెనకబెంచీ వాయిద్యం, నిజమే. కాని మొట్టమొదటి కేజను రికార్డులో అది ఉన్నది. 1928 ఏప్రిల్లో న్యూ ఆర్లియన్సులో జో ఫాల్కన్ అకార్డియను వాయిస్తూ "అలాన్ ఆ లఫాయెట్" అంటే "పద లఫాయెట్‌కు" అనే పాట పాడితే, పక్కన గిటారు వాయించింది క్లెయోమా బ్రో. తర్వాత ఆయనకు భార్య అయింది. 1964లో న్యూపోర్టు జానపద ఉత్సవానికి ముగ్గురు కేజన్లను పిలిచారు. గిటారుకు మనిషి తక్కువైతే ఆఖరి నిమిషంలో డ్యూయీ బల్ఫా అనే ఫిడేలు ఆయన ఆ గిటారు పట్టుకుని వెళ్ళాడు. వీళ్ళు వెళ్ళి నవ్వులపాలవుతారని స్థానిక పత్రిక ఒకటి ఎద్దేవా చేసింది. అక్కడ వేలమంది లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. బల్ఫా తిరిగొచ్చి, ఆ చప్పట్ల ప్రతిధ్వని తన ఊళ్ళో వినిపించాలని 1992లో పోయేదాకా తిరిగాడు. ఇవాళ కుర్రవాళ్ళు అకార్డియను పడుతున్నారంటే అందులో ఆయన చలవ చాలా ఉన్నది.

* * *

ఆదివారం మధ్యాహ్నం లఫాయెట్‌లోనే వెర్మిలియన్‌విల్ అనే చోటుకు వెళ్ళాం. 1884 దాకా లఫాయెట్ పేరు అదే. వెర్మిలియన్ బయూ ఒడ్డున, అంటే మెల్లగా కదిలే ఒక వాగు ఒడ్డున, పాత కేజను ఇళ్ళు పేర్చి చూపిస్తారు. అక్కడ పెద్ద చెక్క హాల్లో డాన్సు. గుమ్మం దగ్గర నాకు కాళ్ళు ఆగిపోయాయి. చెక్క నేల. దాని మీద జోళ్ళ చప్పుడు. బిట్రగుంట కిటికీ చువ్వల చల్లదనం అరచేతులకు తెలిసిందంటే నమ్మండి.

ఎనభై ఏళ్ళవాళ్ళు, కాలేజీ పిల్లలు, పదేళ్ళ పిల్లను పాదాల మీద నిలబెట్టుకుని తిప్పుతున్న తండ్రి. అందరూ హాలంతా ఒకే చుట్టుగా, గడియారానికి ఎదురుదిక్కున తిరుగుతున్నారు. ఎగరడాలు లేవు. పాదం నేలను ఒరుసుకుంటూ జారుతుంది. వాల్ట్జు ఒకటి, టూస్టెప్పు ఒకటి, మళ్ళీ వాల్ట్జు.

మేం గోడవార కుర్చీల్లో కూచున్నాం. మా ఆవిడ నేత చీర, కింద అమ్మాయి కొనిచ్చిన తెల్ల బూట్లు. ఇంతలో ఒక పెద్దావిడ వచ్చి ఆవిడ ముందు చెయ్యి చాపింది. అక్కడ ఆడవాళ్ళు ఆడవాళ్ళతో ఆడటం మామూలే. మా ఆవిడ "నో, నో" అంటుందనుకున్నాను. కొంగు నడుముకు దోపి లేచింది!

మొదటి చుట్టు కిందికి చూసుకుంటూ నడిచింది. రెండో చుట్టుకు తల ఎత్తింది. మూడో చుట్టుకు ఆ పెద్దావిడ ఏదో చెబితే నవ్వుతున్నది. నాకు ఆశ్చర్యం ఆగలేదు. తర్వాత అడిగితే, "చిన్నప్పుడు తిరణాళ్ళలో కోలాటం వేయలేదేంది? చుట్టు తిరగడం కొత్తా?" అన్నది. పెళ్ళయి నలభై ఏళ్ళు దాటింది. ఆవిడ కోలాటం వేసేదని నాకు ఆ రోజే తెలిసింది.

పాట అయిపోగానే నా కుర్చీ ముందుకొచ్చి నిలుచుంది. "రండి" అన్నది.

"నాకు రాదే" అన్నాను.

"నాకు మాత్రం వచ్చా? లేవండి."

అమ్మాయి ఫోను తీసి ఫొటోకు సిద్ధంగా ఉన్నది. మనవరాలు "గో తాతా!" అని అరుస్తున్నది. లేచాను. లోపలికి రారా అబ్బాయ్ అన్న గొంతుకు యాభై అయిదేళ్ళు ఆలస్యంగా వెళ్ళానన్నమాట. మూడు లెక్కలు వేళ్ళకు తెలుసు గాని కాళ్ళకు తెలియదు. రెండుసార్లు ఆవిడ తెల్ల బూట్లు తొక్కాను. వెనకనుంచి వస్తున్న జంటకు తగిలాను. వాళ్ళే క్షమించమన్నారు. మేళంలో గిటారు వాయిస్తున్నది ఒక కుర్రపిల్ల. ఆ పిల్ల బొటనవేలు పట్టుకుని నడవడం మొదలుపెట్టాను. ధుం అన్నప్పుడు అడుగు, చక్ చక్ అన్నప్పుడు సర్దుకోవడం. అప్పుడు కుదిరింది. సగం చుట్టు కుదిరింది.

"నలభై ఏళ్ళుగా మీ గిటారు వింటున్నాను" అన్నది మా ఆవిడ నెమ్మదిగా. "బాగుండేది. కాని కాలు కదపాలని ఒక్కనాడూ అనిపించలేదు సుమండీ."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండుననిపించింది.

* * *

సోమవారం పొద్దున బయలుదేరబోతుంటే దుకాణం నుంచి ఫోను. ఆసామి కాస్త నసిగాడు. "మాట ప్రకారం సాయంత్రం దాకా మీదే. ఒక కుర్రాడు వచ్చి కూచున్నాడు, అందుకని అడుగుతున్నాను. శని ఆదివారాలు డాన్సుల్లో వాయిస్తాడు. వాయిదాల మీద ఇమ్మంటున్నాడు."

కారులో అందరూ నన్నే చూస్తున్నారు. మా ఆవిడ, "మీ ఇష్టం. మిద్దె సంగతి నేను చెప్పాగా" అన్నది.

"ఆ మెట్లు మారుస్తాడా?" అని అడిగాను ఆసామిని.

ఆయన అటు తిరిగి అడిగి చెప్పాడు. మొదటి మూడూ తీసి కొత్తవి వేయించుకుంటాడట. మిగతావి బాగానే ఉన్నాయి గదా అన్నాడట.

"ఇచ్చేయండి" అన్నాను.

చెప్పొద్దూ, క్రౌలీ దాటేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు. మడుల్లో ఒక పడవ ఎర్ర మూతలున్న బుట్టలు ఒక్కొక్కటే ఎత్తి గుమ్మరించుకుంటూ పోతున్నది. ఆ తేనెరంగూ, చేతికి తెలియని ఆ బరువూ ఇప్పటికీ రాత్రిళ్ళు గుర్తొస్తాయి. గుర్తొచ్చినప్పుడు మంచి పని చేశాననిపించదు. పోగొట్టుకున్నాననే అనిపిస్తుంది.

మిద్దె జూన్‌లో బాగు చేయించాం. గివ్‌సన్‌కు కొత్త తీగలు వేశాను. ఇప్పుడు హాల్లోనే వాయిస్తున్నాను. మూడు పట్టులే. మా ఆవిడ వంటింట్లోంచి, "తొందరపడుతున్నారు, కాస్త ఆపి కొట్టండి" అంటుంది.